ఇరవై అయిదో అంగుళం

బీవర్‌కిల్ ఒడ్డు, న్యూయార్క్ రాష్ట్రం
1951 మార్చి 5, సోమవారం

ఆర్లో,

ఈ రోజే ఎందుకు రాస్తున్నానంటే, మీ సైనిక ఆస్పత్రి వారి అనుమతి కాగితం ఉదయం టపాలో వచ్చింది. నీకు ఏం పంపవచ్చో, ఏం పంపకూడదో అందులో ఉంది. చిత్రిక పట్టే పనిముట్టును చేతిపనుల గదిలో అధికారి దగ్గర ఉంచాలట. వెదురు గురించి ఏమీ అనలేదు. వాళ్లకు అది తట్టి ఉండదు.

నీ మొదటి గాలపు కర్ర నువ్వే చేసుకుంటానన్నావు. మీ తాతయ్య బతికుండగా ఆయన కొట్టంలో పట్టుమని గంట కూర్చోలేదు నువ్వు. "చేపలు నేను పడతా, కర్రలు ఆయన చేస్తాడు" అనేవాడివి. సరే, ఇప్పటికైనా అడిగావు.

పంపుతున్నవి ఇవి. పిడి వైపు సగానికి వెదురు బద్దలు ఆరు, అదనంగా రెండు, మొత్తం ఎనిమిది. కొస వైపు సగం సంగతి నువ్వు ఇంటికొచ్చాక చూద్దాం. పక్కింటి క్లైడ్ చీల్చాడు, కణుపులు నేనే వేడి చేసి సరిచేశాను. గాడి ఉన్న ఉక్కు దిమ్మ ఒకటి. చిత్రిక ఒకటి. మందం కొలిచే మర ఒకటి. ఇది కొట్టంలో మిగిలిన ఆఖరి మంచి వెదురు. యుద్ధం వల్ల చైనా సరుకు ఆపేశారు కనుక మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అది పెరిగిన దేశం వాళ్లతోనే నువ్వు ఆ మంచులో పోరాడి వచ్చావన్న సంగతి బద్దలు కడుతుంటే గుర్తొచ్చింది. రెండు నిమిషాలు పని ఆపాను.

మూడు పలకలుగా చిత్రిక పట్టిన ఆరు బద్దలు జిగురుతో కలిస్తేనే ఒక కర్ర. పిడి నుంచి చివరికి బద్ద ఎంతెంత సన్నబడాలో మీ తాతయ్య పుస్తకం నుంచి ఎత్తి వేరే కాగితం మీద రాశాను. పిడి కొసన మొదలుపెట్టి అయిదేసి అంగుళాలకు ఒక అంకె, అన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లో. ఆ ప్రకారం గాడి లోతు కుదిరేలా దిమ్మ మరలు బిగించి, బద్దను గాడిలో పెట్టి చిత్రిక పట్టాలి. తరువాత పది చోట్ల కొలిచి నాకు రాయాలి. ఆరు బద్దలకు అరవై అంకెలు. ఏదైనా వింతగా అనిపిస్తే అడుగు. అడగడం చిన్నతనం కాదు.

మంచుకు గడ్డకట్టిన ఎడమ చేతి వేళ్లు ఎలా ఉన్నాయో రాయి. "బాగానే ఉన్నాయి" అని రాయకు. రంగు రాయి.

మీ నాయనమ్మ,
హెస్టర్

*

ఆస్పత్రి, పెన్సిల్వేనియా
మార్చి 14

నాయనమ్మకు,

పెట్టె అందింది. దిమ్మను మోసుకొచ్చిన పనివాడు "ఇందులో రైలు పట్టా ఉందా" అని అడిగాడు. అవునన్నాను.

రంగులు అడిగావు కదా, రాసుకో. కుడి చెయ్యి మొత్తం గులాబీ, వేళ్ల కొసల్లో చర్మం ఊడి కొత్తది వస్తోంది. ఎడమ బొటనవేలు గులాబీ. చూపుడు వేలు సగం దాకా ఊదా, పైన నలుపు. మధ్య వేలూ ఉంగరం వేలూ నలుపు. చిటికెన వేలు మన పొయ్యిలో బొగ్గు. నొప్పి లేదు, అదే నాకు నచ్చడం లేదు. నలుపు ఎక్కడ ఆగిందో గీతలాగా తేలుతుందనీ, అప్పటి దాకా తొందరపడకూడదనీ డాక్టరు అంటాడు. రోజూ పొద్దున్నే వచ్చి నా చెయ్యి చూసి, నా మొహం చూడకుండా వెళ్లిపోతాడు.

పక్క మంచం వాడి పేరు బర్డెట్, కెంటకీ వాడు. కాలి వేళ్లు పదీ పోయాయి. బద్దలు చూసి, "ఒరేయ్, కర్ర అయ్యాక నాకివ్వరా, ఊతానికి పనికొస్తుంది" అన్నాడు. ఇది పెన్సిలంత సన్నం, నువ్వు ఆనుకుంటే ఇద్దరూ విరుగుతారని చెప్పాను. చాలాసేపు నవ్వాడు. ఈ వార్డులో నవ్వు అంత తేలిగ్గా దొరకదు.

వచ్చే వారం మొదలుపెడతాను.

నీ మనవడు,
ఆర్లో

*

బీవర్‌కిల్ ఒడ్డు
మార్చి 20

ఆర్లో,

నువ్వు రాసిన రంగులు క్యాలెండరు మీద మార్చి 14 గడిలో రాసి పెట్టాను. వారం వారం రాస్తే పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఈ ఉత్తరంతో రెండు తోలు తొడుగులు పంపుతున్నాను, ఎడమ చూపుడు వేలికీ మధ్య వేలికీ. చిత్రిక పట్టిన వెదురు అంచు క్షవరం కత్తితో సమానం. మీ తాతయ్య కుడి చేత్తో చిత్రిక తోస్తూ ఎడమ చేతి రెండు వేళ్లతో బద్దను నిమురుతూ పోయేవాడు, కళ్లు మూసుకుని. కొలిచే మర చెప్పేది ఆయన నమ్మేది కాదు, ఆ రెండు వేళ్లు చెప్పాక ఒప్పుకునేవాడు. నీ తొడుగుల కొసలు అందుకే తెరిచి కుట్టాను. నీ వేళ్ల కొలత నా దగ్గర లేదు. నీ పాత చలి తొడుగు చూసి అంచనా వేశాను.

క్లైడ్ మేపుల్ చెట్ల నీరు కాచి పానకం చేస్తున్నాడు. నీ గురించి అడిగి, "ఆ కుర్రాడు చిత్రిక పడితే గాలపు కర్ర రాదు హెస్టరమ్మగారూ, పొయ్యి రాజేసుకోవడానికి చితుకులొస్తాయి" అన్నాడు. దానికి జవాబు నువ్వు అంకెలతో చెప్పు.

తొడుగులు బిగుతైతే రాయి, విప్పి కుడతాను.

హెస్టర్

*

ఆస్పత్రి
ఏప్రిల్ 9

నాయనమ్మకు,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. పనిలో పడి రాయలేదు. తొడుగులు సరిగ్గా సరిపోయాయి. వేళ్లు బాగానే ఉన్నాయి.

రెండు బద్దలు పూర్తయ్యాయి. మొదటిది, పిడి నుంచి వరుసగా: 150, 144, 138, 130, 122, 121, 110, 104, 98, 92. రెండోది: 150, 144, 138, 130, 122, 121, 110, 104, 98, 92.

చితుకులు రాలేదని క్లైడ్‌తో చెప్పు. ఇక్కడ ఎండ బాగుంది. భోజనం బాగుంది. నువ్వు దేనికీ భయపడకు.

ఆర్లో

*

బీవర్‌కిల్ ఒడ్డు
ఏప్రిల్ 14

ఆర్లో,

నీ ఉత్తరంలో బాగుంది అనే మాట మూడు సార్లు ఉంది. రంగు ఒక్కటీ లేదు. క్యాలెండరులో నాలుగు వారాల గడులు ఖాళీగా ఉన్నాయి.

అంకెలు చూశాను. ఇరవైకి ఇరవై, నేను రాసి పంపినవే. మీ తాతయ్య పుస్తకాల్లో నలభై ఏళ్ల కొలతలున్నాయి. రెండు బద్దలు వెంట్రుక వాసి తేడా లేకుండా వచ్చినట్టు ఒక్క పేజీలోనూ లేదు. చేతిపనుల గదిలో ఎవరైనా యంత్రం మీద కోసి ఇస్తున్నారా? అలాగైతే ఇప్పుడే చెప్పు. మరొకరి పని మీద నీ పేరు రాయించుకోవడానికి నేను ఆ వెదురు పంపలేదు.

యంత్రం కాకపోతే ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. పూర్తయిన బద్దను మొదలు నుంచి చివరి దాకా నిమిరితే ఎలా ఉంది?

వారం రోజులుగా నది ఒడ్డు దాటి పారుతోంది. వంతెన కింద నీళ్లు గోధుమ రంగు. పగలు నాకు పని ఉంటుంది కనుక ఫరవాలేదు.

హెస్టర్

*

ఆస్పత్రి
ఏప్రిల్ 27

నాయనమ్మకు,

యంత్రం ఏమీ లేదు. నా చేతులతోనే చేశాను. నువ్వు అలా అడగడం కష్టంగా అనిపించింది, అయినా నీ స్వభావం నాకు కొత్త కాదు.

ఆరు బద్దలూ అయిపోయాయి. అరవై అంకెలూ వెనక పేజీలో ఉన్నాయి. నిమిరితే గాజులా ఉన్నాయి, మొదలు నుంచి చివరి దాకా ఎక్కడా తేడా లేదు.

నువ్వు వస్తానని క్లైడ్‌తో అన్నావట, ఆయన కార్డు రాశాడు. ఇప్పుడు రావద్దు. వార్డులో గవదబిళ్లలు తగిలి, చూడవచ్చే వాళ్లను ఆపేశారు. అంత దూరం రైల్లో నీకు మంచిది కాదు కూడా.

గాలం దారం చుట్టే నా రీలు క్లైడ్‌కు ఇచ్చెయ్యి. మంచి రీలు, ఊరికే పడి ఉండటం ఎందుకు? నదిలో వేసుకునే నా రబ్బరు బూట్లు కూడా ఆయనకు సరిపోతాయి. నేను ప్రశాంతంగా ఉన్నాను. నువ్వు నాకోసం చాలా చేశావు, ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఆర్లో

*

బీవర్‌కిల్ ఒడ్డు
మే 1, మంగళవారం

ఆర్లో,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన బర్డెట్ ఉంటే ఉండనీ.

నువ్వు ఆ బద్దలను తాకలేదు. అది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. మీ తాతయ్య పుస్తకంలో ప్రతి కర్ర లెక్కలోనూ ఒక అంకె తప్పు. కావాలని రాసిన తప్పు. ఆయన తాత నుంచి వస్తున్న పద్ధతి అది. పుస్తకం దొంగిలించిన వాడికి కర్ర రాకూడదని మొదలైంది, తరువాత వారసుడిని పరీక్షించేదయింది. కాగితం మీద చూస్తే కొత్తవాడికి ఆ తప్పు కనబడదు. ఆ కొలతకు చిత్రిక పడితే బద్ద మీద చిన్న ఉబ్బు వస్తుంది, నిమిరితే వేలికి తగులుతుంది. పని నేర్చుకునేవాడు తనంతట తాను వచ్చి "ఇక్కడ ఇలా ఎందుకుంది" అని అడగాలి. అడిగిన రోజున అసలు అంకె చెబుతారు. అడిగే దాకా చెప్పరు.

నీకు పంపిన కాగితంలో ఆ తప్పు ఉంది. నువ్వు అడుగుతావని ఎనిమిది వారాలు కాచుకున్నాను. నువ్వు ఆ తప్పును ఆరు సార్లు తిరిగి నాకే రాశావు. పైగా గాజులా ఉందన్నావు.

నువ్వు అబద్ధం రాసినందుకు నాకు కోపం లేదు. నాకు భయంగా ఉంది. ఎందుకో నీకు తెలియాలి.

మీ నాన్న వార్నర్ గుండె ఆగి పోయాడని నీకు చెప్పాం. అది నిజం కాదు. ఫ్రాన్స్‌లో మొదటి యుద్ధం నుంచి వచ్చాక పన్నెండేళ్లు బాగానే ఉన్నట్టు ఉండి, 1931లో ఆస్పత్రిలో చేరాడు. అక్కడి నుంచి పదకొండు ఉత్తరాలు రాశాడు. ఒక్క కొట్టివేత లేదు. భోజనం బాగుంది, ఎండ బాగుంది, నేను ప్రశాంతంగా ఉన్నాను. పదకొండో ఉత్తరంతో తన గడియారం నీకివ్వమని పంపాడు. నేను బడిపంతులమ్మని కదా, చేతిరాత కుదురుకుందని మెచ్చుకుంటూ జవాబు రాశాను. నాలుగో రోజున తంతి వచ్చింది. ఆస్పత్రి వెనకాల నదిలో దొరికాడు. నీకు నాలుగేళ్లు. తరువాత మీ అమ్మ, నీ పదో ఏట తానూ పోయేలోపు, నీకు నిజం చెప్పమని రెండు సార్లు అడిగింది. నేను ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో నేను తెలిసి రాసిన తప్పు లెక్క అదొక్కటే.

నీ ఏప్రిల్ ఉత్తరాలు రెంటినీ ఆ పదకొండింటి పక్కన పెట్టి చూశాను. ఆ పని చేసి ఉండాల్సింది కాదు. అప్పటి నుంచి వంటింట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టానో గుర్తుండటం లేదు.

దుకాణం నుంచి ఆస్పత్రికి ఫోను చేశాను. "పరిస్థితి సంతృప్తికరం" అని ఒక అమ్మాయి చదివింది. ఎవరి పరిస్థితి, ఏ సంతృప్తి అని అడిగాను. పెట్టేసింది.

రీలు క్లైడ్‌కు ఇవ్వను. జవాబు వెంటనే రాయి. పన్నెండో తారీఖులోగా అందకపోతే, గవదబిళ్లలున్నా మశూచి ఉన్నా నేను రైలెక్కుతున్నాను. టిక్కెట్టు కొన్నాను. ఈలోగా నీ వార్డు నర్సుతో మాట్లాడు. నాతో చెప్పలేనిది ఆమెతో చెప్పు. ఈ రోజే చెప్పు.

హెస్టర్

*

ఆస్పత్రి
మే 6, ఆదివారం

నాయనమ్మకు,

ఎడమ చేతి నాలుగు వేళ్లూ తీసేశారు, రెండో కణుపు దగ్గర. మార్చి 21న. బొటనవేలు ఉంది. నీ తోలు తొడుగులు మూడో రోజున వచ్చాయి. కట్టు మీద పెట్టి చూసుకుని నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను, నర్సు వచ్చి సూది వేసింది. సరిగ్గా సరిపోయాయని నీకు ఎందుకు రాశానో తెలియదు. నువ్వు విప్పి మళ్లీ కుడతావేమోనని భయపడ్డాను. కూర్చుని కుడతావు కదా, ఇంకాస్త వెడల్పుగా.

బద్దలు మంచం కింద పెట్టెలో, నువ్వు కట్టిన దారంతోనే ఉన్నాయి. గవదబిళ్లలు కూడా అబద్ధమే.

ట్రౌట్ చేపకు గాలం వేసేవాడికి ఎడమ చెయ్యి ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. కుడి చెయ్యి కర్ర ఊపుతుంది, ఎడమ చెయ్యి దారం లాగుతుంది. నేను అక్కడే ఆగిపోయాను. మిగతా బతుకంతా ఆ నది పక్కన కూర్చుని వేరేవాళ్లు పట్టడం చూడాలన్నట్టు అనిపించింది.

నాన్న సంగతి చదివాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. రెండు సార్లు చదివి బర్డెట్‌కు ఇచ్చాను.

నువ్వు భయపడింది నిజమో కాదో నాకే పూర్తిగా తెలియదు. సామాన్లు పంచుతున్నాను, అంతే అనుకున్నాను. నా కొత్త బూట్లు బర్డెట్ మంచం కింద పెట్టాను. వాడు వాటిని చూసి, "కాలి వేళ్లు లేనివాడికి పదకొండో సైజు ఎందుకురా" అన్నాడు. ఉంచుకోమన్నాను. "మరి నువ్వు ఏం వేసుకుని ఇంటికెళ్తావు?" అన్నాడు. నేను బూట్ల వైపు చూశాను. వాడు నా మొహం అలాగే చూస్తూ, తన చక్రాల కుర్చీ తెచ్చి నా మంచానికి అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. భోజనానికి కూడా కదల్లేదు.

నీ ఉత్తరం వచ్చాక నర్సుకు అంతా చెప్పాను. ఆమె వేరే డాక్టరును పిలిచింది. నా మంచం ఆమె బల్ల ఎదురుగా మార్చారు. రోజూ ఒక గంట ఆ డాక్టరు దగ్గర కూర్చుంటున్నాను. ఆయన నా చెయ్యి చూడడు, మొహం చూస్తాడు.

దయచేసి ఇప్పుడే రాకు. నిన్ను చూస్తే ఏడుస్తాను, నీకది నచ్చదు.

ఆర్లో

*

బీవర్‌కిల్ ఒడ్డు
మే 10

ఆర్లో,

నీ ఉత్తరం నిలబడే చదివి, తరువాత కూర్చున్నాను. ఏడుపు నాకు నచ్చదని నీకెవరు చెప్పారు? నేనే చెప్పి ఉంటాను.

టిక్కెట్టు వాపసు ఇవ్వలేదు. వంటింటి గడియారం వెనక ఉంది. నువ్వు వద్దన్నావు కనుక ఆగుతున్నాను. ఆగడం సరైనదో కాదో తెలియకుండానే ఆగుతున్నాను. అందుకే ఒక షరతు. ప్రతి బుధవారం, ప్రతి శనివారం ఒక కార్డు. ఒక్క మాటైనా సరే. ఒక్కటి తప్పినా మరుసటి రైల్లో నేనుంటాను.

ఇక పని. అదనపు బద్ద ఒక్కటి తియ్యి. దిమ్మను బల్లకు రెండు చోట్ల బిగించమను. బద్ద మొదటి కొసను కూడా బిగించు, జారదు. కుడి చేత్తో చిత్రిక తొయ్యి, ఎడమ మణికట్టును చిత్రిక వెనకాల ఆనించు. బలం అక్కడి నుంచి వస్తుంది. పాడవుతుంది. పాడవనీ.

ఆ తరువాత పది అంకెలు రాయి. నాకు తప్పు అంకెలు కావాలి. నీ అంకెలు.

హెస్టర్

*

ఆస్పత్రి
జూన్ 3

నాయనమ్మకు,

నా అంకెలు: 157, 149, 136, 133, 124, 122, 107, 104, 95, 88. కళ్లజోడు తీసి చదువు, అంత బాధ ఉండదు. రెండు చోట్ల చిత్రిక పీచు లేపేసింది. ఒక చోట నా రక్తం కూడా ఉంది, అది కొలవలేదు. ఇరవై రెండు రోజులు పట్టింది. చేతిపనుల గది అధికారి దాన్ని చూసి, ఇది చెవి శుభ్రం చేసుకునే పుల్లా అని అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు తప్పు అంకె ఉందన్నావు, ఎక్కడో చెప్పలేదు. నేను కాగితం మీద వెతకలేదు, ఒట్టు. నిమరడానికి నాకు ఆ వేళ్లు లేవు కదా. కుడి చేతి వేళ్ల కొసలకు కొత్త చర్మం, మొద్దుబారి ఉంది. అవేమీ చెప్పలేదు. కానీ తెగిన చోట మొండి వేళ్ల చర్మం వేరు. దుప్పటి తగిలినా ఉలిక్కిపడుతుంది, ఈగ వాలినా తెలుస్తుంది. బద్దను వాటి మీదుగా లాగుతుంటే ఒక చోట చురుక్కుమంది. మొదట నా వంకర పనే అనుకున్నాను. దిమ్మ మరలు విప్పి మూడు సార్లు మళ్లీ బిగించి, మళ్లీ పట్టాను.

బర్డెట్ ఒప్పుకోలేదు. "కళ్లు మూసుకో, నేను లాగుతా, తగిలినప్పుడు చెప్పు" అన్నాడు. అయిదు సార్లు లాగాడు, రెండు సార్లు తిరగేసి కూడా. అయిదు సార్లూ నేను ఆపమన్న చోట పెన్సిలుతో గీత పెట్టాడు. కళ్లు తెరిచి చూస్తే అయిదు గీతలూ అర అంగుళంలో ఉన్నాయి. పిడి నుంచి కొలిచాం. ఇరవై అయిదు.

నాయనమ్మా, ఇరవై అయిదో అంగుళం దగ్గర ఈ ఉబ్బు ఎందుకుంది? అది నా తప్పా, పుస్తకం తప్పా?

ఆర్లో

*

బీవర్‌కిల్ ఒడ్డు
1951 జూన్ 7, గురువారం

ఆర్లో,

పుస్తకం తప్పు.

నీ ఉత్తరం దుకాణంలోనే విప్పాను. క్లైడ్ అక్కడే ఉన్నాడు. "ఏమైంది హెస్టరమ్మగారూ, కూర్చోండి" అని కుర్చీ తెచ్చాడు. వెదురు ధర గురించి అన్నాను. వాడు నమ్మలేదు గానీ, గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. నలభై ఏళ్లలో ఎప్పుడూ అలా చెయ్యలేదు.

మీ తాతయ్య తన వేళ్లతో ఆ ఉబ్బును కనుక్కోవడానికి పదిహేడు బద్దలు పట్టాయి. అది ఆయన పుస్తకంలోనే ఉంది, ఆయన చేతిరాతతో. నీకు ఒకటి పట్టింది. దీనికి నిన్ను పొగడటం లేదు. లెక్క రాస్తున్నాను.

నీ కార్డులు ఏడు అందాయి. "గులాబీ", "గులాబీ", "నిద్ర లేదు", "గులాబీ", "భయం", "భయం, కానీ భోజనం చేశాను", "గులాబీ". క్యాలెండరు గడుల్లో రాశాను. భయం అని రాసిన రెండు రోజులూ నాకు మిగతా వాటికన్నా తేలిగ్గా గడిచాయి. మీ నాన్న ఆ మాట ఒక్కసారి రాసి ఉంటే బాగుండేది. నేను కూడా వాడికి రాసి ఉండాల్సింది. నాకు భయం ఇంకా పోలేదు. పోతుందని నీకు మాట ఇవ్వను.

ఇక జరగాల్సినవి:

1. ఈ ఉత్తరం అందగానే దిమ్మలో ఇరవై అయిదో అంగుళం దగ్గరి మరను 116కు బిగించు. 121 తప్పు. ఈ సంగతి బర్డెట్‌కు తప్ప ఎవరికీ చెప్పకు. అతను గీతలు పెట్టాడు కనుక అతనికి హక్కుంది.

2. పాడైన బద్దను పారెయ్యకు, రక్తం తుడవకు. కొట్టం గోడకు మీ తాతయ్య మొదటి బద్ద వేలాడుతోంది, అది కూడా పాడైనదే. పక్కన మేకు కొట్టాను.

3. మిగిలిన ఏడింటిలో రెండు బద్దలు అక్కడ చెయ్యి. నాలుగు ఇక్కడ చేస్తావు. ఒకటి ఇంకా పాడు చేసుకోవచ్చు.

4. బుధవారం, శనివారం కార్డులు ఆగకూడదు. ఆ డాక్టరు దగ్గర గంట కూడా.

5. జూన్ 23, శనివారం, గడియారం వెనకున్న టిక్కెట్టుతో నేను వస్తున్నాను. ఈసారి నిన్ను అడగడం లేదు. నిన్ను ఎప్పుడు పంపుతారో ఆ డాక్టరునే అడుగుతాను. ఇద్దరం ఏడుస్తాం, దానికి ఒక పావుగంట కేటాయించాను.

6. బర్డెట్ దగ్గర బూట్లు వెనక్కి తీసుకో. ఇంటికి వాటితోనే రావాలి.

7. నీ రీలు అలమరలో రెండో అరలో ఉంది. ఎడమ మణికట్టుకు కట్టుకుని దారం లాగడానికి ఒక ఇత్తడి కొక్కెం చెయ్యమని క్లైడ్‌కు చెప్పాను. కొలత కోసం నువ్వు రావాలి. ఈసారి అంచనా మీద ఏదీ చెయ్యను.

8. మీ నాన్న పదకొండు ఉత్తరాలూ మనిద్దరం వంటింటి బల్ల దగ్గర, పగటి పూట, కలిసి చదవాలి.

9. కర్ర పూర్తయ్యాక దాని మీద నీ పేరు రాయి. మీ తాతయ్యది కాదు.

10. నువ్వు అడిగావు కనుక పుస్తకం నీది. ఇరవై అయిదో అంగుళం తప్పు ఇక పని చెయ్యదు, ఉత్తరంలోకి ఎక్కింది. పుస్తకాన్ని కొత్తగా ఎత్తి రాసి, కొత్త తప్పు ఒకటి నువ్వు పెట్టాలి. ఎక్కడ పెట్టావో నాకు కూడా చెప్పకు. ఎవరో ఒకరు, ఎన్నేళ్లకో, బద్ద పట్టుకుని నీ దగ్గరకు వచ్చి "ఇక్కడ ఇలా ఎందుకుంది" అని అడుగుతారు. అప్పటి దాకా నువ్వు ఉండాలి.

హెస్టర్